నల్ అంటే సున్నా కాదు, మరి తెలుగులో ఏమనాలి?

పదాలవేట:
అందరికీ నమస్తే అండి. ఒక యాప్‌ని తెలుగులోకి మార్చే పనిలో ఉన్నాను, నల్ (null) అనే ఇంగ్లీషు మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను. నాకంటే ముందు చేసినవాళ్ళు అన్నిచోట్లా శూన్యం అని పెట్టేశారు. "విలువ శూన్యంగా ఉండకూడదు" అని ఒకచోట, "ఈ ఒప్పందం శూన్యం మరియు శూన్యం" అని ఇంకోచోట (అది నల్ అండ్ వాయిడ్‌కి), "శూన్య ఫలితం" అని మరోచోట. చదివేవాళ్ళకి ఒక్కటి కూడా అర్థం కాదని నాకు అనిపిస్తోంది, కానీ బదులుగా ఏం పెట్టాలో తెలీట్లేదు. అన్నిచోట్లా సరిపోయే ఒక్క తెలుగు మాట ఎవరికైనా తడితే చెప్పండి.

రాత్రిషిఫ్టు:
సున్నా అని మాత్రం పెట్టకండి దయచేసి. మిగతాది ఏదైనా పర్లేదు.

పాతనిఘంటువు:
ముందు ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో చూద్దాం, సగం చిక్కు అక్కడే విడిపోద్ది. నల్ లాటిన్‌లోని నుల్లుస్ నుంచి వచ్చింది, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులో దిగింది. నుల్లుస్‌ని విడదీస్తే నె అంటే కాదు/లేదు, ఉల్లుస్ అంటే ఏదైనా. కలిపితే "ఏదీ లేదు", "ఏ ఒక్కటీ కాదు". అందుకే ఇంగ్లీషులో అది మొదట విశేషణం, నామవాచకం కాదు. ఒక వస్తువు పేరు కాదన్నమాట, ఇంకో వస్తువు గురించి చెప్పే మాట. అన్నల్ అంటే దాన్ని ఏమీ కానట్టు చేసేయడం, నల్లిఫై కూడా ఆ కుటుంబమే.

జీరో చుట్టం మాత్రం మనకి. సంస్కృతంలో శూన్య, అరబ్బులు దాన్ని వాళ్ళ భాషలో సిఫ్ర్ అన్నారు, ఖాళీ అని అర్థం, ఇటలీలో ఫిబొనాచి 1202లో రాసిన లెక్కల పుస్తకంలో జెఫిరమ్ అయింది, అక్కణ్ణుంచి జీరో. సైఫర్ అనే మాట కూడా ఆ సిఫ్ర్ నుంచే. మన సున్న శూన్య నుంచి నేరుగా వచ్చిన తద్భవం. అంటే సున్న, శూన్యం, జీరో, సైఫర్ ఒక ఇంటివాళ్ళు, నల్ వేరే ఊరి మనిషి. ఈ రెండిళ్ళనీ ఒకటనుకోవడం వల్లే మీ ముందువాళ్ళు అన్నిచోట్లా శూన్యం పెట్టారు.

తెల్లకాగితం:
చాలా బాగా చెప్పారండి. నాదో చిన్న డౌటు, దీన్ని నల్ అనాలా నుల్ అనాలా? మా టీములో సగం మంది నుల్ అంటారు.

పాతనిఘంటువు:
ఇంగ్లీషులో నల్. డల్, గల్ పలికినట్టే. జర్మన్ వాళ్ళు నుల్ అంటారు, కానీ వాళ్ళకి ఆ మాటకి అర్థమే సున్నా. కాబట్టి అక్కడ మాత్రం రెండిళ్ళూ కలిసిపోయాయి.

రాత్రిషిఫ్టు:
సున్నా ఎందుకు పెట్టొద్దన్నానో చెప్తాను, ఇందాక డ్యూటీలో ఉండి రెండు ముక్కలు రాసి వదిలేశాను. నేను డేటాబేసుల మీద పని చేస్తాను, ఈ ఒక్క తేడా తెలీక పాడైన రిపోర్టులు ఎన్ని చూశానో. ఒక క్లాసులో అయిదుగురు, నలుగురికి 60, 70, 80, 90 మార్కులొచ్చాయి, అయిదోవాడు పరీక్షకే రాలేదు. వాడి గడిలో నల్ ఉంటే ఎస్‌క్యూఎల్ (డేటాబేసుని ప్రశ్నలడిగే భాష) సగటు 75 అంటుంది, ఎందుకంటే నల్‌ని లెక్కలోకే తీసుకోదు, నలుగురితోనే భాగిస్తుంది. ఎవరో ఖాళీగా ఉంది కదా అని సున్నా కొట్టేశారనుకోండి, సగటు 60కి పడిపోతుంది. పరీక్ష రాసి సున్నా తెచ్చుకున్నవాడూ అసలు రానివాడూ ఒకటి కాదు కదా.

ఇంకా లోతుకి వెళ్తే, నల్‌కి 10 కలిపితే 10 రాదు, నల్లే వస్తుంది. తెలీని దానికి పది కలిపితే వచ్చేది కూడా తెలీనిదే. నల్ ఈజ్ ఈక్వల్ టు నల్ అని అడిగితే అవునూ అనదు కాదూ అనదు, తెలీదు అంటుంది. నాకు మీ వయసు తెలీదు, మీ అన్నయ్య వయసూ తెలీదు, ఇద్దరి వయసూ ఒకటేనా అంటే నేనేం చెప్పను? అందుకే నల్ కోసం వెతకాలంటే ఈక్వల్ గుర్తు వాడకూడదు, ఈజ్ నల్ అని విడిగా అడగాలి. ఎడ్గర్ కాడ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1970లో రిలేషనల్ మోడల్ (డేటాని పట్టికలుగా పెట్టే పద్ధతి) పేపర్ రాశాడు, తర్వాత ఆయనే ఈ అవును/కాదు/తెలీదు అనే మూడు విలువల తర్కాన్ని అందులోకి తెచ్చాడు. అందరికీ నచ్చలేదు, ఇప్పటికీ వాదనలు నడుస్తూనే ఉంటాయి, నాకు మాత్రం అది నిజాయితీగా అనిపిస్తుంది, తెలీనప్పుడు తెలీదు అనడం కన్నా మంచి జవాబేముంది.

కొత్తవాళ్ళు పడే గొయ్యి ఇంకోటుంది. "ఈ లిస్టులో లేనివాళ్ళని చూపించు" అని నాట్ ఇన్ వాడి క్వెరీ (డేటాబేసుకి వేసే ప్రశ్న) రాస్తారు, ఆ లిస్టులో ఎక్కడో ఒక్క నల్ ఉంటే చాలు ఒక్క పేరు కూడా బయటికి రాదు. ఎందుకంటే ప్రతి మనిషి దగ్గరా "ఆ తెలీని పేరు ఇతనిదేనేమో" అనే అనుమానం మిగిలిపోతుంది.

తెల్లకాగితం:
అమ్మో, ఆ నాట్ ఇన్ సంగతి నాకిప్పుడు అర్థమైంది. పోయిన నెల రెండు రోజులు కొట్టుకున్నాను దాంతో. థాంక్స్ అన్నా.

లెక్కలపంతులు:
గణితంలో కూడా ఒకే అర్థం లేదండి ఈ మాటకి. నల్ సెట్ అంటే బడిలో శూన్య సమితి అని చెప్తాం, ఒక్క మూలకం కూడా లేనిది. పై చదువుల్లో మెజర్ థియరీలో అదే నల్ సెట్‌కి కొలత సున్నా అయిన సమితి అని అర్థం, దాని నిండా మూలకాలు ఉండొచ్చు. అకరణీయ సంఖ్యలన్నీ కలిపి ఒక నల్ సెట్, అవి అనంతం కదా, అయినా సంఖ్యారేఖ మీద అవి ఆక్రమించే పొడవు సున్నా. అంటే ఒక చోట "ఏమీ లేదు", ఇంకో చోట "ఉన్నా లెక్కకి రాదు". శూన్య సమితికి వాడే అడ్డగీత సున్న లాంటి గుర్తు కూడా గ్రీకు అక్షరం అనుకుంటారు చాలామంది, కాదు, అది నార్వే భాషలోని అక్షరం, బూర్బకీ అనే ఫ్రెంచి గణితజ్ఞుల బృందంలో ఆంద్రే వెయిల్ తెచ్చి పెట్టాడు.

ఇంకొకటి, సమితి ఖాళీ అవ్వడం వేరు, సమితే లేకపోవడం వేరు. ఖాళీ సంచికీ అసలు సంచే లేకపోవడానికీ ఉన్నంత తేడా.

రాత్రిషిఫ్టు:
పంతులుగారూ, ఆ సంచి మాట ప్రోగ్రామింగులో అచ్చంగా పనికొస్తుంది. స్ట్రింగు అంటే అక్షరాల వరస, ఖాళీ స్ట్రింగు అంటే అక్షరాల్లేని సంచి, నల్ అంటే సంచే లేదు. కానీ ఒరాకిల్ డేటాబేసులో ఖాళీ స్ట్రింగు పెడితే దాన్ని కూడా నల్‌గానే చూస్తుంది, అక్కణ్ణుంచి వేరే డేటాబేసుకి మారేవాళ్ళకి అదో తలనొప్పి.

సెమికోలన్:
నేను కోడు రాసేవాణ్ణి, నావైపు నుంచి రెండు మాటలు. సి భాషలో నల్ అంటే ఎక్కడికీ చూపించని పాయింటరు (మెమరీలో ఒక చోటుని చూపించేది). ఒకే ఎల్ ఉన్న నల్ (NUL) వేరే, అది ఆస్కీ పట్టికలో (అక్షరాలకి నంబర్లు ఇచ్చే పట్టిక) మొదటి అక్షరం, నంబరు 0, సి భాషలో స్ట్రింగు అయిపోయిందని చెప్పేది అదే. మనం కీబోర్డు మీద కొట్టే సున్నా అంకె ఆ పట్టికలో 48వ నంబరు. ఇంక వాయిడ్ అంటే ఫంక్షను ఏమీ తిరిగివ్వదు అని. జావాస్క్రిప్ట్‌లో అయితే అన్‌డిఫైన్డ్ అని ఇంకోటి కూడా ఉంది, ఇక్కడ ఎవరూ ఇంకా ఏమీ పెట్టలేదు అని దాని అర్థం, నల్ అంటే మాత్రం ఎవరో కావాలనే ఏమీ లేదు అని పెట్టారు అని.

నల్ రిఫరెన్సుని (ఏ వస్తువునీ చూపించని సూచిక) కనిపెట్టింది టోనీ హోర్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త, 1965లో ఆల్గాల్ డబ్ల్యూ అనే భాష కోసం. చేయడం తేలిక కాబట్టి పెట్టేశానని 2009లో ఒక సభలో తనే చెప్పి, అది తన బిలియన్ డాలర్ల తప్పు అని ఒప్పుకున్నాడు. అంత పెద్దమనిషి అలా నలుగురిలో ఒప్పుకోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన భాషలు చాలావాటిల్లో ఇక్కడ నల్ ఉండొచ్చు అని ముందే చెప్పకపోతే కంపైలరు (కోడుని మిషను భాషలోకి మార్చే ప్రోగ్రాము) ఒప్పుకోదు.

మా అమ్మకి ఒకసారి "ప్రియమైన నల్ గారికి" అని మెసేజి వచ్చింది, ఎవరిదో మెసేజి నాకొచ్చిందిరా అని ఫోను పట్టుకుని కంగారు పడింది. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసింది, అంతే. నేను అప్పట్నుంచి పేరు చూపించే ప్రతిచోటా నల్ ఉందా అని చూసి గానీ వదలను.

తెల్లకాగితం:
మ్యాపుల్లో కూడా ఇలాంటిది ఉందండోయ్. అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా కలిసేచోటు గినియా సింధుశాఖలో సముద్రం మధ్యలో పడుతుంది. అడ్రసు దొరకని రికార్డులకి సిస్టము సున్నా సున్నా వేసేస్తే అవన్నీ వెళ్ళి అక్కడ గుట్టగా పడతాయి. మ్యాపులవాళ్ళు దాన్ని నల్ ఐలాండ్ అంటారు, అక్కడ నిజానికి దీవి లేదు, సముద్రమే.

రాత్రిషిఫ్టు:
అదే నేను చెప్పేది! తెలీదు అనాల్సిన చోట సున్నా అన్నారు.

నల్లకోటు:
చట్టం వైపు ఎవరూ రాలేదు కాబట్టి నేను రాస్తున్నా. నల్ అండ్ వాయిడ్ అనేది జంటపదం. లాయర్ల ఇంగ్లీషులో ఇలాంటివి చాలా ఉన్నాయి, సీస్ అండ్ డెసిస్ట్, ఎయిడ్ అండ్ అబెట్, ఇలా. రెండు మాటలదీ ఒకే అర్థం, గట్టిగా చెప్పడానికి రెండూ వేస్తారు. తెలుగులో రెండుసార్లు చెప్పక్కర్లేదు, "చెల్లదు" అంటే అయిపోయింది. చెల్లని నాణెం అంటాం కదా, అంతకన్నా బాగా ఎవరికి అర్థమయ్యేలా చెప్పగలం?

కానీ ఒక్క జాగ్రత్త. వాయిడ్ వేరు వాయిడబుల్ వేరు. వాయిడ్ అంటే పుట్టినప్పుడే చెల్లదు. వాయిడబుల్ అంటే ఇప్పటికి చెల్లుతుంది, కానీ మోసపోయినవాళ్ళో బెదిరింపుకి సంతకం పెట్టినవాళ్ళో వద్దనుకుంటే రద్దు చేయించుకోవచ్చు, వాళ్ళు ఊరుకుంటే అది అలాగే నడుస్తుంది. ఇంకో వింత, మనం తప్పించుకోవడం అనే అర్థంలో వాడే అవాయిడ్ అనే మాట ఈ వాయిడ్ నుంచే వచ్చింది, ఖాళీ చేయడం అని దాని పాత అర్థం, కోర్టు ఇంగ్లీషులో ఇప్పటికీ ఒప్పందాన్ని అవాయిడ్ చేయడం అంటే దాన్ని రద్దు చేసుకోవడమే.

అలాగే పెళ్ళి విషయంలో విడాకులకీ అన్నల్‌మెంట్‌కీ తేడా. విడాకులంటే ఉన్న పెళ్ళి ఇక్కడితో ముగిసింది అని. అన్నల్‌మెంట్ అంటే అది పెళ్ళిగా అసలు చెల్లలేదు అని కోర్టు చెప్పడం. రెండిటికీ "రద్దు" అని రాసేస్తున్నారు పేపర్లలో, చదివినప్పుడల్లా బాధేస్తుంది.

గాలిపటం77:
ఇన్‌వ్యాలిడ్ కూడా చెల్లదే కదా? ఫారం నింపేటప్పుడు వచ్చేది.

నల్లకోటు:
అవును, కానీ యాప్‌లో "ఇన్‌వ్యాలిడ్ నంబర్" అంటే చెల్లదు కన్నా "ఈ నంబరు సరిగ్గా లేదు" అంటేనే మనిషికి ఏం చేయాలో తెలుస్తుంది. ఇంకోటి, అదే స్పెల్లింగుతో మొదటి అక్షరం మీద ఒత్తి పలికితే మంచాన పడ్డ రోగి అని అర్థం వస్తుంది. మిషను తర్జుమాలని నమ్మొద్దు.

తర్కశాస్త్రి:
ఇంతసేపూ చదువుతూ ఉన్నాను, మీరందరూ చెప్పిన తేడాలకి మన దగ్గర ఎప్పుడో పేర్లు పెట్టారు, అది చెప్పకుండా ఉండలేకపోతున్నాను. న్యాయ వైశేషికాలు అనే మన పాత తర్క దర్శనాల్లో అభావం అంటే లేకపోవడం, దాన్ని నాలుగు రకాలు చేశారు. కుండ ఇంకా తయారవ్వకముందు మట్టిలో కుండ లేదు, అది ప్రాగభావం. కుండ పగిలాక లేదు, అది ప్రధ్వంసాభావం. గాలికి రంగు ఎప్పుడూ లేదు, నిన్నా లేదు రేపూ ఉండదు, అది అత్యంతాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు, అది అన్యోన్యాభావం.

ఇప్పుడు మీ మాటలకి పెట్టి చూడండి. సెమికోలన్ గారు చెప్పిన అన్‌డిఫైన్డ్ ప్రాగభావం, ఇంకా ఏమీ పెట్టలేదు. విడాకులు ప్రధ్వంసాభావం, ఉండి పోయింది. పుట్టుకతోనే చెల్లని ఒప్పందానికి అత్యంతాభావం దగ్గరగా వస్తుంది, ఏ కాలంలోనూ దానికి బలం లేదు. నల్ సున్నా కాదు అని రాత్రిషిఫ్టు గారు మొదట్నుంచీ మొత్తుకుంటున్నది అన్యోన్యాభావం. ఒక్కటే మిగిలిపోయింది, ఉందో లేదో తెలీదు అనేది. అది అభావమే కాదు, వస్తువు సంగతి కాదది, మన తెలివిడి సంగతి. తార్కికులు దాన్ని సంశయం అని వేరే చోట పెట్టారు. డేటాబేసు నల్‌తో వచ్చే గొడవంతా ఈ రెండిటినీ ఒకే గడిలో పెట్టడం వల్లే అని నా అభిప్రాయం.

రాత్రిషిఫ్టు:
శాస్త్రిగారూ, ఇది చదివి రెండు నిమిషాలు అలా కూర్చుండిపోయాను. కాడ్ 1990లో వేసిన పుస్తకంలో ఇలాంటిదే అంటాడు. ఒక్క నల్ సరిపోదు, విలువ ఉంది గానీ మనకి తెలీదు అనేదానికి ఒక గుర్తు, ఆ ప్రశ్నే వీళ్ళకి వర్తించదు అనేదానికి ఇంకో గుర్తు ఉండాలని. పెళ్ళికానివాళ్ళ రికార్డులో భార్య/భర్త పేరు గడి ఉందనుకోండి, అది తెలీకపోవడం కాదు కదా. డేటాబేసుల్లో మాత్రం ఇప్పటికీ ఒక్క నల్లే ఉంది.

పాతనిఘంటువు:
శూన్యం గురించి కూడా ఒక మాట, దాన్ని పూర్తిగా తీసిపారేయకండి. అర్థశూన్యం, జ్ఞానశూన్యుడు అన్నప్పుడు అది అంకె కాదు, ఫలానాది లేనిది అని. ఆ వాడుకలో అది ఇంగ్లీషు డివాయిడ్‌కి సరిగ్గా అద్దినట్టు సరిపోద్ది. అంటే ముందు ఒక మాట తగిలిస్తే శూన్యం బతుకుతుంది, ఒంటరిగా వదిలేస్తే సున్న అయిపోతుంది. మన లిపిలో అయితే సున్నని నిండుసున్న, పూర్ణబిందువు అంటాం, పాత గణితగ్రంథాల్లో అంకెలకి మాటలు వాడేటప్పుడు కూడా సున్నకి శూన్య, ఖ, ఆకాశ, పూర్ణ అని పేర్లున్నాయి. ఖాళీకీ నిండుకీ ఒకే గుర్తు.

అచ్చుతప్పు:
నాకు అసలు ప్రశ్నే సరిగ్గా లేదనిపిస్తోంది, ఏమీ అనుకోకండి వేటగారూ. మీరు నల్‌కి ఒక నామవాచకం వెతుకుతున్నారు. తెలుగు లేకపోవడాన్ని నామవాచకంతో చెప్పదు, క్రియతో చెప్తుంది. ఇంగ్లీషుకి నాట్ ఒక్కటే, మనకి లేదు వేరు కాదు వేరు. "సున్నా కాదు, విలువ లేదు" అని రాత్రిషిఫ్టు గారు చెప్పిందంతా నాలుగు మాటల్లో వచ్చేసింది చూడండి, ఇదే తేడా ఇంగ్లీషులో చెప్పాలంటే పేరా రాయాలి. తెలీదు, చెల్లదు, వర్తించదు, కుదరదు, ఇవన్నీ లోపలే వ్యతిరేకం ఉన్న క్రియలు, ఒక్కో రకం లేమికి ఒక్కోటి.

మనం కర్త చెప్పకుండానే "నిన్న వచ్చాడు" అంటాం, భాషాశాస్త్రంలో దాన్ని నల్ సబ్జెక్ట్ అంటారు. అక్కడ కర్త లేడా? ఉన్నాడు, వినబడట్లేదు, "డు" చూసి పట్టుకుంటాం. "ఆయన డాక్టరు" అంటే మధ్యలో ఇంగ్లీషు ఈజ్ లాంటిది ఏదీ లేదు, వాక్యం మాత్రం నిండుగానే ఉంది. పాణిని "అదర్శనం లోపః" అన్నాడు, కనబడకపోవడమే లోపం, పోవడం అనలేదు. ఇంత సూక్ష్మంగా చూసిన భాషల్లో ఉన్నాం, అన్నిటికీ శూన్యం అని ఒక ముద్ర గుద్దేసి వెళ్ళిపోతే ఎట్లా?

పదాలవేట:
ఏమీ అనుకోలేదండి, నిజంగా నా ప్రశ్నే తప్పు. పొద్దున్నుంచీ కూర్చుని ఒక్కో వాక్యం మళ్ళీ చూశాను. "విలువ శూన్యంగా ఉండకూడదు" తీసేసి "ఈ గడి ఖాళీగా వదలకండి" పెట్టాను. నల్ అండ్ వాయిడ్ దగ్గర "ఈ ఒప్పందం చెల్లదు", వాయిడబుల్ ఒక్కచోటే వచ్చింది, అక్కడ "కోరితే రద్దు చేసుకోవచ్చు". ప్రొఫైల్లో నల్ అని కనబడేచోట్లని రెండుగా విడదీశాను, మనిషి ఇంకా చెప్పనివాటికి "ఇవ్వలేదు", సంబంధం లేనివాటికి "వర్తించదు". గణితం పాఠాల్లో శూన్య సమితి అలాగే ఉంచేశాను, అది అందరికీ అలవాటైన మాట. కోడు రాసేవాళ్ళు చూసే పేజీల్లో మాత్రం నల్ అనే ఉంచాను, మారిస్తే వాళ్ళకే ఇబ్బంది.

సెమికోలన్:
ఆ చివరిది చాలా మంచి పని.

పదాలవేట:
ఒక్కటి మిగిలింది. "శూన్య ఫలితం", నల్ రిజల్ట్. ప్రయోగాల గురించిన పేజీలో ఉంది. "తేడా లేదు" అని పెట్టనా?

లెక్కలపంతులు:
వద్దు వద్దు, అక్కడే ఆగండి. నల్ హైపాథసిస్ అనే మాటని గణాంక శాస్త్రవేత్త ఫిషర్ 1935లో ప్రయోగాల రూపకల్పన మీద రాసిన పుస్తకంలో వాడాడు. టీలో పాలు ముందు పోశారా తర్వాత పోశారా రుచి చూసి చెప్పగలను అన్న ఒకావిడ ఉదాహరణ ఉంటుంది అందులో. 8 కప్పులు, నాలుగు అలా నాలుగు ఇలా. ఆవిడకి ఏమీ తెలీదు, ఊరికే ఊహిస్తోంది అనేదే నల్ హైపాథసిస్. 8లో 4 ఎంచుకునే విధాలు 70, అన్నీ సరిగ్గా ఊహతో చెప్పే అవకాశం 70లో 1. అన్నీ సరిగ్గా చెప్తే ఊహ అనే మాట నిలబడదు, కొట్టేస్తాం. కానీ తప్పు చెప్తే? ఆవిడకి ఆ నేర్పు లేదని తేలినట్టు కాదు, ఉందని ఈ ప్రయోగంలో కనబడలేదు, అంతే. నల్ హైపాథసిస్ ఎప్పటికీ రుజువవ్వదు, కొట్టేయడానికి మాత్రమే వీలుంటుందని ఫిషరే రాశాడు. "తేడా లేదు" అంటే మీరు రుజువు చేసినట్టు అవుతుంది. "తేడా కనబడలేదు" అనండి.

తర్కశాస్త్రి:
పంతులుగారి మాటే ఖాయం చేయండి. కనబడలేదు అనేది మన సంగతి, లేదు అనేది వస్తువు సంగతి.

పదాలవేట:
"తేడా కనబడలేదు" అనే పెట్టేశాను. ఆ పేజీలోనే "తేడా లేదు" అని ముందువాళ్ళు రాసినవి ఇంకో పదకొండు ఉన్నాయి, ఈ రాత్రికి అవి కూడా ఒక్కోటి చూస్తాను.